తొట్టి అడుగున ఆకలి: మల్కాజ్‌గిరిలోని ఒక ఉప్పునీటి అక్వేరియం కేసు

2024 ఫిబ్రవరి 11, ఆదివారం ఉదయం మల్కాజ్‌గిరిలోని ఒక ఫ్లాట్‌కు వెళ్లాను. ఇంటి యజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన ముందురోజు ఫోను చేసి, “సార్, రెండు పూటలా కడుపునిండా మేత వేస్తున్నాం, అయినా అడుగున తిరిగే చేప చిక్కిపోతోంది, కడుపులో పురుగులకు మందు ఏదైనా వేయాలా?” అని అడిగారు. హైదరాబాదులో ఇళ్లకు ఉప్పునీటి తొట్లు ఏర్పాటు చేసి, వాటి బాగోగులు చూసుకోవడం పదకొండేళ్లుగా నా వృత్తి కనుక ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. అయితే ఈసారి మొదటి రోజు నుంచే నీటి కొలతలు, చేపల ఫోటోలు, వేసిన మేత లెక్క నోటుపుస్తకంలో రాసి ఉంచుకున్నాను. ఆ రాతల ఆధారంగానే ఈ కేసును వివరిస్తున్నాను. అందులో నేను చేసిన పొరపాట్లు, వాటి వల్ల కలిగిన నష్టం కూడా ఉన్నాయి.

తొట్టి పొడవు నాలుగడుగులు, వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి, కింద సంప్‌లోని (వడపోత కోసం పెట్టిన రెండో తొట్టిలోని) నీటిని కలుపుకుంటే మొత్తం సుమారు 270 లీటర్లు. మురికిని నురగగా బయటికి తీసే స్కిమ్మర్, నీటిని చల్లబరిచే చిల్లర్, నీటిలో అలలు పుట్టించే రెండు వేవ్‌మేకర్లు ఉన్నాయి. తొట్టి పెట్టి నాలుగున్నర నెలలు అయింది. పై నీటిలో రెండు క్లౌన్ చేపలు, మూడు నీలి డ్యామ్‌సెల్‌లు, ఆరు గీతల వ్రాస్ ఒకటి తిరుగుతున్నాయి. అడుగున మూడు చేపలున్నాయి: తెల్లని ఒంటి మీద నారింజ చుక్కలుండే డైమండ్ గోబీ, పిస్టల్ రొయ్యతో కలిసి ఒకే బొరియలో కాపురముండే పసుపు వాచ్‌మన్ గోబీ, ఒక మాండరిన్.

యజమాని చెప్పిన చేప డైమండ్ గోబీ. దాన్ని ఏడు వారాల కిందట కొన్నారు. పక్క నుంచి చూస్తే పొడవు మూడున్నర అంగుళాలు, రంగు బాగానే ఉంది. ఎదురుగా, తల వైపు నుంచి చూసినప్పుడు మాత్రం అసలు సంగతి బయటపడింది. తల వెనుక వీపుకు రెండు వైపులా ఉండాల్సిన కండ కుంగిపోయి గాడి పడింది, పొట్ట వెన్నుకు అంటుకుపోయింది. అడుగు చేపల ఒంటి స్థితిని పక్క నుంచి చూసి అంచనా వేస్తే చాలాసార్లు మోసపోతాం. పొట్ట ఒకపూట మేతతో తాత్కాలికంగా ఉబ్బుతుంది గానీ, వీపు మీద తరిగిన కండ ఒకరోజు తిండితో రాదు. అందుకే నేను ప్రతి వారం ఎదురు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి ఫోటో తీస్తాను.

నీటిని పరీక్షించాను. సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20), ఫాస్ఫేట్ 0.12 పీపీఎం. ఈ అంకెల్లో చేప చిక్కిపోయేలా చేసేది ఏదీ లేదు. శ్వాస వేగంగా లేదు, చర్మం మీద చుక్కలు లేవు, తెల్లటి దారంలాంటి మలం కూడా కనిపించలేదు. పేగుల్లో పురుగులున్న చేప తింటూనే చిక్కుతుంది, మేత అందని చేప తినక చిక్కుతుంది. ఈ రెంటి మధ్య తేడా మేత వేసే వేళ దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. అందుచేత మందు మాట పక్కనపెట్టి, రోజూ ఎలా వేస్తారో అలాగే నా ముందు ఒకసారి మేత వేయమని యజమానిని కోరాను.

ఆయన గడ్డకట్టిన బ్రైన్ ష్రింప్ (చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవులు) దిమ్మలు రెండు నీటి మీద వదిలి, చిటికెడు ఫ్లేక్స్ చల్లారు. రెండు వేవ్‌మేకర్లూ నడుస్తూనే ఉన్నాయి. నేను ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఇసుక దగ్గర కళ్లు ఆనించి కూర్చున్నాను. మొదటి యాభై సెకన్లలో క్లౌన్‌లు, డ్యామ్‌సెల్‌లు నీటి పైభాగంలోనే ఎక్కువ మేతను కొల్లగొట్టాయి. మిగిలిన దానిలో కొంత ఓవర్‌ఫ్లో గుండా సంప్‌లోకి జారి వడపోత సంచిలో పేరుకుంది, సంచి తీసి చూస్తే చేతికి తగిలింది కూడా. ఇసుక దాకా దిగిన తునకలు నా కంటికి ఏడు కనిపించాయి, వాటిలో నాలుగింటిని డ్యామ్‌సెల్‌లే కిందికి దూకి ఎత్తుకుపోయాయి. అంత సందడిలో డైమండ్ గోబీ రాయి కింద నక్కి, అంతా సద్దుమణిగాక బయటికి వచ్చి ఇసుకను నోట పట్టి మొప్పల గుండా వదలడం మొదలుపెట్టింది. ఆ ఇసుకలో తినడానికి ఏమీ లేదు.

ఈ ఇంట్లో మేతకు కొరత లేదు. తొమ్మిది చేపలకు రోజుకు నాలుగు దిమ్మలంటే ఎక్కువే. అది చేరవలసిన చోటుకు చేరడం లేదు, చేరవలసిన వేళకు చేరడం లేదు. నేను తేల్చిన రోగనిర్ధారణ ఇంతే. తరువాతి నాలుగు నెలలు చేసిన పనంతా ఈ ఒక్క అంశాన్ని సరిచేయడానికే.

మూడు చేపలు, మూడు తిండి పద్ధతులు

అడుగు చేపలన్నిటినీ ఒకే గాటన కట్టడం మొదటి తప్పు. మన కాలువల్లో, చెరువుల్లో దొరికే ఇసుకదొందు కూడా గోబీ జాతిదే, అది అడుగున కదలకుండా పడి ఉండి దగ్గరకొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. వాచ్‌మన్ గోబీ స్వభావమూ దాదాపు అంతే. బొరియ ముఖద్వారం దగ్గర కాపలా కూర్చుని, నీటిలో కొట్టుకొచ్చే తునకను అందుకుని వెనక్కి తగ్గుతుంది. దాని జతగాడైన పిస్టల్ రొయ్యకు చూపు చాలా తక్కువ, అది మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచి, గోబీ తోక కదిలించిన తీరును బట్టి ప్రమాదం తెలుసుకుంటుంది. కాబట్టి మేత ఆ ద్వారానికి బెత్తెడు దూరంలో పడితే ఇద్దరికీ అందుతుంది, అంతకన్నా దూరంగా పడితే ఇద్దరికీ అందదు.

డైమండ్ గోబీ కూర్చుని తినే చేప కాదు. నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని సన్నని పురుగులను, కోపెపాడ్ వంటి సూక్ష్మ జీవులను నోటిలోనే జల్లించి, ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. పగలంతా ఇదే పని. సముద్రపు ఇసుకలో ఈ జీవాలు ఎడతెగకుండా పుడుతుంటాయి. నాలుగున్నర నెలల వయసున్న తొట్టిలో అవి కొద్దిగానే ఉంటాయి, ఆ కొద్దినీ ఆరు గీతల వ్రాస్, మాండరిన్, గోబీ పంచుకోవాలి. పైగా ఈ తొట్టిలో ఉన్నది ముతక పగడపు ముక్కల ఇసుక, ఒక్కో రేణువు నాలుగైదు మిల్లీమీటర్లు. ఇసుక జల్లించే చేపకు ఒక మిల్లీమీటరు లోపు సన్న ఇసుక కావాలి. ముతకదాన్ని అది నోట పట్టలేదు, పట్టినా నోరు, మొప్పలు గీసుకుపోతాయి.

మాండరిన్ సంగతి వేరు. దాని నోరు చిన్నది, తీరు నింపాది. రాయి మీద, ఇసుక మీద ఒక్కొక్క కోపెపాడ్‌నే చూసి, ఆగి, పొడిచి తింటుంది. రోజంతా తినాలి. పోటీ పడి లాక్కోవడం దానికి చేతకాదు. ఏడాదైనా నిండని తొట్టిలో మాండరిన్ వద్దని నేను ఎప్పుడూ చెబుతాను, ఈ ఇంట్లో నేను వెళ్లేసరికే అది ఉంది.

చేసిన ఏర్పాట్లు

ముందుగా తొట్టి కుడి మూలలో అడుగున్నర మేర ముతక ఇసుకను తీసేసి, బాగా కడిగిన సన్న అరగోనైట్ ఇసుకను రెండు అంగుళాల మందాన పరిచాము. ఇసుక ఒకేసారి అంతా మారిస్తే అందులోని బ్యాక్టీరియా పోతుంది కనుక ఒక మూలతోనే ఆగాము. బ్రైన్ ష్రింప్ స్థానంలో మైసిస్ (రొయ్యను పోలిన మరో చిన్న జీవి) తెచ్చాము. పెద్ద బ్రైన్ ష్రింప్‌లో నీరే ఎక్కువ, ప్రత్యేకంగా పోషకాలు పట్టించకపోతే సముద్ర చేపలకు అవసరమైన కొవ్వు ఆమ్లాలు అందులో చాలినంత ఉండవు. చేపలు దాన్ని ఇష్టంగా తింటాయి, అందుకే చాలామంది అది సరిపోతుందని నమ్ముతారు.

తరువాత మేత వేసే క్రమాన్ని మార్చాము. ముందు రెండు వేవ్‌మేకర్లు, సంప్ నుంచి నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు ఆపాలి. ఎడమ మూలలో పైనుంచి కొద్దిగా పెల్లెట్లు, మైసిస్ వేసి పై చేపలను అటు మళ్లించాలి. అవి అక్కడ మునిగి ఉన్నప్పుడు కుడి మూలలో అడుగు చేపలకు మేత అందించాలి. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సూదిలేని సిరంజికి రెండడుగుల గట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని బిగించాను. కరిగించిన మైసిస్‌ను తొట్టి నీటిలో కలిపి సిరంజిలోకి తీసుకుని, గొట్టం కొసను ఇసుకలో అర అంగుళం దించి నెమ్మదిగా నెట్టాలి. మేత ఇసుకలోనే పూడిపోతుంది, డ్యామ్‌సెల్‌లకు కనిపించదు, జల్లించే చేపకు మాత్రం తన అలవాటు ప్రకారమే దొరుకుతుంది. ఈ కేసులో నేను నేర్చుకున్న వాటిలో నాకు అత్యంత విలువైనది ఇదే. అంతకుముందు నేను కూడా ఇసుక పైన వదిలేవాడిని.

గోబీ మొదటి నాలుగు రోజులు గొట్టాన్ని చూస్తేనే పారిపోయింది. ఐదో రోజు నుంచి ఖాళీ గొట్టాన్ని రాత్రంతా తొట్టిలోనే నిలబెట్టి ఉంచమని చెప్పాను. రెండు రాత్రులు గడిచాక దానికి భయం పోయింది. ఏడో రోజున గొట్టం దించుతుండగానే దగ్గరికొచ్చి ఆగింది, ఇసుక తీసుకుంది, మొప్పల గుండా ఇసుక వదిలింది, మైసిస్ మాత్రం బయటికి రాలేదు. యజమాని ఆ వీడియో పంపినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

ఇలా రోజుకు ఐదుసార్లు, ప్రతిసారీ కొంచెం కొంచెం. ఉద్యోగానికి వెళ్లే మనిషికి ఇది సాధ్యం కాదు. పగటి మూడుసార్లు మేత వేసే బాధ్యతను యజమాని తల్లిగారు తీసుకున్నారు. డెబ్బై దాటిన ఆమె మొదట, “నాయనా, నా చేయి వణుకుతుంది, గొట్టం నిలవదేమో” అని సందేహించారు. గొట్టానికి తొట్టి అంచున ఒక ఆధారపు క్లిప్పు పెట్టి ఇచ్చాను. తరువాత ఆమె వేసినంత ఓపికగా మేత మరెవరూ వేయలేదు, నేను సైతం వేయలేదు.

వాచ్‌మన్ గోబీకి అదే గొట్టంతో బొరియ ముఖద్వారం దగ్గర రెండు, మూడు మైసిస్ చాలు. మొదట్లో పెద్ద తునకలు వేయడం వల్ల వాటిని రొయ్యే లోపలికి ఈడ్చుకుపోయేది. గోబీ నోటికి సరిపడేలా బ్లేడుతో సగానికి తరిగాక ఆ ఇబ్బంది తీరింది.

మాండరిన్

దీని గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. మొదటి రోజు మాండరిన్ రాళ్ల మీద పొడుస్తూ తిరుగుతుండగా చూసి, ఇది తన తిండి తాను వెతుక్కుంటోందని నేను అనుకున్నాను. పొడవడం వేరు, నోటికి ఏదైనా దొరకడం వేరు. దాని ఫోటో ఎదురు నుంచి తీయలేదు, డైమండ్ గోబీ మీదే దృష్టంతా పెట్టాను. ఎనిమిదో రోజున తీసి చూస్తే ఎముకల అంచులు చర్మం కింద తెలుస్తున్నాయి.

దాంతో గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన ఆర్టీమియా (బ్రైన్ ష్రింప్) పిల్లలను ఇవ్వడం మొదలుపెట్టాము. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము గుడ్లు, అడుగునుంచి గట్టిగా గాలి, వెలుతురు, 28 డిగ్రీల వేడి ఉంటే సుమారు 24 గంటల్లో పిల్లలు వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుతురు వైపు చేరతాయి. అక్కడి నుంచి తీసి, సన్నని జాలీలో మంచినీటితో కడిగి వెంటనే వేయాలి. పుట్టిన పిల్లలో పచ్చసొన నిల్వ ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ అది ఖర్చయిపోయి, మేతగా వాటి విలువ పడిపోతుంది. తొట్టిలో నేరుగా వదిలితే క్లౌన్‌లే తినేస్తాయి కనుక, వెడల్పు మూతి ఉన్న చిన్న గాజు సీసాను ఇసుక మీద పడుకోబెట్టి గొట్టంతో అందులో వదిలాము. మాండరిన్ పన్నెండో రోజున సీసాలోకి వెళ్లి తినడం ఇంట్లోవాళ్లు చూశారు. అయినా రోజుకు రెండు విడతలే ఇవ్వగలిగాము, అప్పటికే దాని ఒంట్లో శక్తి అడుగంటింది. మార్చి 1 ఉదయం అది చనిపోయింది.

మొదటి రోజే దాన్ని వేరు తొట్టిలోకి మార్చి, రోజుకు ఐదారు విడతలు ఆర్టీమియా పిల్లలు, కోపెపాడ్‌లు ఇచ్చి ఉంటే బతికేదేమో. ఆ నిర్ణయం నేను తీసుకోవలసింది, తీసుకోలేదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా అడుగు చేపలన్నిటికీ ఒకే రోజు, ఒకే పద్ధతిలో ఫోటోలు తీస్తున్నాను, బాగానే ఉందనిపించిన చేపకైనా సరే.

నీరు పాడైన పక్షం

మార్చి మూడో వారానికి నైట్రేట్ 20 నుంచి 40 పీపీఎంకు, ఫాస్ఫేట్ 0.12 నుంచి 0.3 పీపీఎంకు పెరిగాయి. అద్దాల మీద, సన్న ఇసుక మీద గోధుమరంగు పూత వచ్చింది. కారణం మా లెక్కలోనే దొరికింది. అడుగుకు కొత్తగా ఐదు విడతలు కలిపాము కానీ, పైనుంచి వేసేదాన్ని తగ్గించడం మరిచాము. మైసిస్ కరిగిన నీటిని కూడా తొట్టిలోనే పోస్తూ వచ్చాము.

టీ వడగట్టే జాలీలో మైసిస్‌ను కడిగి వాడడం, పై మేతను సగానికి దించడం, వారానికి పది శాతం నీరు మార్చడం, ఇసుకలో మిగిలిన తునకల కోసం ఇసుకలో తిరిగే నసేరియస్ నత్తలను ఎనిమిదింటిని వేయడం: ఈ నాలుగింటితో నీరు దారికొచ్చింది. అన్ని విడతలూ కలిపినా రోజుకు రెండు దిమ్మలు, కాసిని పెల్లెట్లు మాత్రమే అయ్యాయి. మొదట్లో ఆ తొట్టిలో పడుతున్న నాలుగు దిమ్మల్లో సగం అది. సగం మేతతో అడుగు చేప ఒళ్లు చేసింది.

ఇదే నెలలో ఒక మధ్యాహ్నం మేత వేశాక యజమాని తల్లిగారు పంపు తిరిగి వేయడం మరిచిపోయారు. నాలుగు గంటల తరువాత చూసేసరికి చేపలు నీటి మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తప్పు ఆమెది కాదు, రోజుకు ఐదుసార్లు ఆపి వేయాల్సిన పనిని మనిషి జ్ఞాపకానికి వదిలేసిన నాది. పదిహేను నిమిషాల తరువాత దానంతటదే వెలిగే టైమర్ స్విచ్‌కు పంపును, వేవ్‌మేకర్లను కలిపాను. అడుగున మేత వేసే ప్రతి ఇంట్లో ఇది మొదటి రోజే ఉండాలి.

రామ్‌నగర్ చేపల మార్కెట్లో దొరికే తాజా రొయ్యలను సన్నగా తరిగి మైసిస్‌కు బదులు వేయవచ్చా అని యజమాని అడిగారు. వారానికి ఒకటి రెండుసార్లు, బాగా కడిగి, పొట్టు, నల్లనరం తీసి వేయవచ్చన్నాను. దాన్నే రోజువారీ మేతగా చేయవద్దన్నాను. కొన్ని రకాల చేపల, రొయ్యల పచ్చి మాంసంలో ఉండే థయమినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, ఫ్రీజర్లో పెట్టినా అది పోదు. ఒకే మేత మీద నెలల తరబడి ఉన్న చేపలో ఆ లోటు ఆలస్యంగా బయటపడుతుంది.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, మధ్యాహ్నం కరెంటు పోయి చిల్లర్ ఆగితే తొట్టి నీరు రెండు మూడు గంటల్లో వేడెక్కుతుంది. ఈ ఇంట్లో ఒకరోజు 30.5 డిగ్రీలకు చేరింది. నీరు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, మేత అరిగించుకోవడానికి ఇంకాస్త కావాలి. అందుచేత నీరు 29 డిగ్రీలు దాటిన పూట మేత మానేసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టమని చెప్పాను. చిక్కిన చేపకు ఒకపూట తప్పితే ఏమవుతుందోనని తల్లిగారు బెంగపడ్డారు. ఊపిరి అందని చేపకు పెట్టే తిండి దానికి మేలు చేయదని చెప్పి ఒప్పించాను.

కోపెపాడ్‌ల కోసం పోటీ తగ్గించాలని ఆరు గీతల వ్రాస్‌ను కూడా ఏప్రిల్‌లో తీసేశాము. వల వేస్తే రాళ్లన్నీ కదపాలి. నీళ్ల సీసా పైభాగం కోసి, తలకిందులుగా దూర్చి, లోపల మైసిస్ పెడితే మూడో రోజున అది తనంతట తానే లోపలికి దూరింది. దాన్ని వేరే ఇంటి పెద్ద తొట్టికి ఇచ్చాము. ఆ తరువాత నెల రోజులకు, రాత్రి టార్చి వెలుతురులో అద్దం మీద తెల్లని చుక్కల్లా కోపెపాడ్‌లు పాకడం మొదటిసారి కనిపించింది.

జూన్ 16న చూసినప్పుడు డైమండ్ గోబీ నాలుగున్నర అంగుళాలుంది. ఎదురు నుంచి తీసిన ఫోటోలో తల వెనుక గాడి పూడి, వీపు గుండ్రంగా ఉంది. నైట్రేట్ 15, ఫాస్ఫేట్ 0.08. విడతలను ఐదు నుంచి మూడుకు తగ్గించాము, ఒళ్లు చేసిన చేపకు అది చాలు. ఈ గోబీలు భయపడితే నీటి మీదికి ఎగురుతాయి కనుక తొట్టికి జాలీ మూత బిగించాను. కొత్త మాండరిన్ తెద్దామా అని యజమాని అడిగారు. ఈ ఏడాది వద్దని, కోపెపాడ్‌లు పగటి పూట కూడా రాళ్ల మీద కనిపించే దాకా ఆగమని చెప్పాను. ఆ పాత గాజు సీసాను ఇప్పుడు సంప్ పక్కన పెట్టి, నానోక్లోరోప్సిస్ అనే సూక్ష్మమైన నాచు పెరిగిన పచ్చని నీటితో కోపెపాడ్‌లను పెంచుతున్నారు, వారానికొకసారి ఒక గరిటెడు తీసి రాత్రి దీపాలు ఆర్పాక తొట్టిలో వదులుతున్నారు.